కాలేయంలో వైరస్ ఉంటే నొప్పి మాత్ర ఏమవుతుంది?

మోకాళ్లు లాగుతుంటే, ఒళ్లు వెచ్చబడితే దగ్గర్లోని మందుల షాపుకి వెళ్లి ఒక మాత్ర తెచ్చుకుని వేసుకుంటాం. ఇందులో పెద్దగా ఆలోచించేదేమీ ఉండదు. కానీ అదే మనిషి నెల క్రితం రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చాడని, ఆ రక్తాన్ని పరీక్షిస్తే హెపటైటిస్ బి లేదా సి వైరస్ ఉన్నట్లు తేలిందని అనుకుందాం. ఇప్పుడతను షాపులో ఇలా అడుగుతాడు: "నాకు లివర్ సమస్య ఉందన్నారండీ. పారాసెటమాల్ లివర్‌కి మంచిది కాదట కదా, దాని బదులు ఇంకేదైనా నొప్పి మాత్ర ఇవ్వండి." షాపతను ఐబుప్రోఫెన్ మాత్రో, డైక్లోఫెనాక్ మాత్రో చేతిలో పెడతాడు. జాగ్రత్తపడ్డామనే ఇద్దరూ అనుకుంటారు.

కాలేయం బాగా దెబ్బతిన్న రోగి విషయంలో ఈ జాగ్రత్తే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. అదెలాగో తెలియాలంటే మాత్ర కడుపులోకి వెళ్లాక ఏం జరుగుతుందో, దీర్ఘకాలంగా ఉంటున్న వైరస్ ఆ పనిలో ఎక్కడ అడ్డుపడుతుందో చూడాలి.

ఇది కొద్దిమంది సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి భారతదేశంలో సుమారు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో, 55 లక్షల మంది హెపటైటిస్ సితో జీవిస్తున్నారు. వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవడమే ఇందుకు కారణం. నొప్పి మాత్రలు మాత్రం అందరిలాగే వాళ్లూ వేసుకుంటూ ఉంటారు.

రెండు రోడ్లు, ఒక సందు

పారాసెటమాల్ పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కాలేయానికి చేరుతుంది. దాన్ని నీటిలో సులువుగా కరిగే రూపంలోకి మార్చి మూత్రం ద్వారా బయటకు పంపడం కాలేయం పని. ఇందుకు మూడు దారులున్నాయి.

మొదటి దారిలో మందుకు గ్లూకురోనిక్ ఆమ్లం జతవుతుంది. రెండో దారిలో సల్ఫేట్ జతవుతుంది. మామూలు మోతాదులో వేసుకున్న మందులో దాదాపు 85 నుంచి 90 శాతం ఈ రెండు పెద్ద రోడ్ల మీదుగానే ఏ హానీ చేయకుండా వెళ్లిపోతుంది. కొద్ది శాతం మందు ఏ మార్పూ లేకుండానే మూత్రంలోకి పోతుంది.

మిగిలిన 5 నుంచి 10 శాతం మూడో దారిలోకి, అంటే ఒక ఇరుకు సందులోకి మళ్లుతుంది. అక్కడ సైటోక్రోమ్ పి450 కుటుంబానికి చెందిన ఎంజైములు, ముఖ్యంగా సీవైపీ2ఈ1, పారాసెటమాల్‌ను ఎన్‌ఏపీక్యూఐ అనే విషపదార్థంగా మారుస్తాయి. ఇది కాలేయ కణాల్లోని ప్రోటీన్లకు అతుక్కుని కణాన్ని చంపగలదు. కానీ మామూలుగా అలా జరగదు. కణంలో నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఆ విషాన్ని పుట్టిన వెంటనే పట్టేసి, నిర్వీర్యం చేసి, బయటకు సాగనంపుతుంది.

గ్లూటాథయోన్‌ను గాదెలోని ధాన్యంలాంటిదని అనుకోవచ్చు. రోజూ కొంత ఖర్చవుతుంది, మళ్లీ కొంత వచ్చి చేరుతుంది. ఒకేసారి మితిమీరి మాత్రలు మింగితే పెద్ద రోడ్లు రెండూ నిండిపోతాయి. మిగిలిన మందంతా సందులోకి తోసుకువస్తుంది. గాదె ఖాళీ అవుతూ నిల్వలో దాదాపు 70 శాతం తరిగిపోయేసరికి విషం కాలేయ కణాల మీద పడుతుంది.

ఈ కథ తెలిసిన తీరు కూడా ఆసక్తికరమే. 1948లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ, జూలియస్ ఆక్సెల్‌రాడ్ అసిటనిలైడ్ అనే పాత నొప్పి మందును పరిశీలించారు. శరీరంలో అది పారాసెటమాల్‌గా మారుతోందని, నొప్పిని తగ్గిస్తున్నది నిజానికి ఆ పారాసెటమాలేనని వాళ్లు చూపారు. మందును శరీరం ఏ రూపంలోకి మారుస్తుందో చూడకుండా ఆ మందు గురించి పూర్తిగా తెలియదన్న పాఠం అక్కడే మొదలైంది. పాతికేళ్ల తర్వాత, 1973లో, బ్రోడీ పాలుపంచుకున్న బృందమే పారాసెటమాల్ విషప్రభావంలో గ్లూటాథయోన్ పాత్రను వివరించింది. అధిక మోతాదుకు విరుగుడుగా ఈనాటికీ వాడుతున్న ఎన్-అసిటైల్ సిస్టీన్ ఆ అవగాహన నుంచి వచ్చినదే. గాదెను తిరిగి నింపడానికి కావలసిన ముడిసరుకును అది అందిస్తుంది.

వైరస్ ఎక్కడ అడ్డుపడుతుంది?

హెపటైటిస్ వైరస్ శరీరంలో ఆరు నెలలకు మించి ఉండిపోతే దాన్ని దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారు. మందుల జీవక్రియ మీద దాని ప్రభావాన్ని మూడు అంచెలుగా చూడవచ్చు.

మొదటిది వాపు. వైరస్‌తో పోరాడే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. ఈ సంకేతాలు అందితే కాలేయ కణాలు సైటోక్రోమ్ ఎంజైముల తయారీని తగ్గిస్తాయి. ఇది హెపటైటిస్‌కే పరిమితం కాదు. 1980లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా బి వ్యాపించినప్పుడు, ఆస్తమాకు థియోఫిలిన్ వాడుతున్న కొందరు పిల్లల్లో ఆ మందు విషప్రభావం కనిపించింది. అంతకుముందు అదే మోతాదు వాళ్లకు సరిపడింది. వైరస్ వచ్చాక కాలేయం మందును తొలగించే వేగం తగ్గిపోయింది. జలుబు, జ్వరం వంటి ఇన్ఫెక్షన్లలో ఈ మార్పు కొద్ది రోజులే ఉంటుంది. దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్‌లో ఏళ్ల తరబడి సాగవచ్చు.

రెండోది గాదె తరుగు. హెపటైటిస్ సి వైరస్‌లోని కోర్ ప్రోటీన్ కణంలోని మైటోకాండ్రియాను ఇబ్బంది పెట్టి ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుందని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి ఖర్చయ్యేది కూడా గ్లూటాథయోనే. హెచ్ఐవీలోనూ ఇలాంటిదే కనిపించింది. ఇంకా ఏ లక్షణాలూ లేని హెచ్ఐవీ బాధితుల రక్తంలోనూ, ఊపిరితిత్తుల ద్రవంలోనూ గ్లూటాథయోన్ తక్కువగా ఉన్నట్లు 1989లోనే పరిశోధకులు గుర్తించారు.

మూడోది మచ్చ. వాపు ఏళ్ల తరబడి సాగితే కాలేయంలో ఆరోగ్యకరమైన కణాల స్థానంలో గట్టి మచ్చ కణజాలం పేరుకుంటుంది. అది ముదిరిన దశే సిర్రోసిస్. దీర్ఘకాలిక హెపటైటిస్ సి ఉన్నవారిలో 15 నుంచి 30 శాతం మంది 20 ఏళ్లలో ఈ దశకు చేరే ప్రమాదం ఉంది. అప్పుడు పనిచేసే కణాలు తగ్గుతాయి. పైగా పేగుల నుంచి వచ్చే రక్తంలో కొంత భాగం కాలేయాన్ని దాటుకుని పక్కదారుల్లో పోతుంది. మందు శుద్ధి కాకుండానే ఒళ్లంతా తిరుగుతుంది.

ఈ మార్పుల్లో వైరస్ వాటా ఎంతో చెప్పే ఒక సూచన చికిత్స సమయంలో దొరికింది. హెపటైటిస్ సిని నయం చేసే కొత్త మందులు వాడిన తర్వాత, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ తీసుకుంటున్న కొందరికి ఆ మందు మోతాదు మార్చాల్సి వచ్చింది. వైరస్ పోయి కాలేయం కోలుకుంటున్న కొద్దీ మందులతో వ్యవహరించే తీరు మారడమే ఇందుకు కారణం. అందుకే ఈ చికిత్స జరుగుతున్నప్పుడు వార్ఫరిన్ వాడేవారి రక్తాన్ని తరచుగా పరీక్షించాలని ఆ మందుల సమాచార పత్రాల్లోనే రాస్తున్నారు. అంటే ఈ మార్పుల్లో కొన్నింటినైనా వెనక్కి తిప్పవచ్చు.

అయినా పారాసెటమాలే ఎందుకు?

గ్లూటాథయోన్ తగ్గి, కాలేయం నెమ్మదిస్తే పారాసెటమాల్ మరింత ప్రమాదకరం కావాలి కదా? అనుమానం సహజమే. కానీ ఇక్కడ ఒక మలుపు ఉంది.

గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేసే మొదటి పెద్ద రోడ్డు చాలా గట్టిది. సిర్రోసిస్ బాగా ముదిరేదాకా అది చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. విషాన్ని తయారుచేసే సందులోని సైటోక్రోమ్ ఎంజైములేమో జబ్బు ముదిరే కొద్దీ పెరగవు, తగ్గుతాయి. అంటే గాదెలో ధాన్యం తగ్గినా, దాన్ని తినే ఎలుకలు కూడా తగ్గాయన్నమాట. అందువల్ల మితమైన మోతాదులో రెండూ చాలావరకు సరితూగుతాయి.

మనుషుల్లో చేసిన పరిశీలనలు కూడా దీన్ని బలపరిచాయి. 1983లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్థిరంగా ఉన్న దీర్ఘకాలిక కాలేయ వ్యాధి గల 20 మందికి వైద్యుల పర్యవేక్షణలో రోజుకు 4 గ్రాముల చొప్పున 13 రోజుల పాటు పారాసెటమాల్ ఇచ్చారు. మందు వల్ల కాలేయం దెబ్బతిన్నట్లు కనబడలేదు. ఇది చిన్న అధ్యయనం. అయినా 'లివర్ జబ్బుంటే పారాసెటమాల్ అసలే వద్దు' అన్న నమ్మకానికి ఆధారం లేదని గట్టిగా చెప్పిన తొలి పరిశీలనల్లో ఒకటి.

ఆరోగ్యవంతుల్లో పారాసెటమాల్ పరిమాణం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు రెండు మూడు గంటలు పడుతుంది. సిర్రోసిస్ ముదిరితే ఈ సమయం దాదాపు రెట్టింపు కావచ్చు. అందుకే నేడు వైద్యులు సిర్రోసిస్ ఉన్నవారికి మందును నిషేధించరు, మోతాదు తగ్గిస్తారు. మామూలు పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి అయితే, వీరికి ఎక్కువగా 2 గ్రాములకు మించవద్దని చెబుతారు.

అయితే ఆ పరిమితి దాటితే వైరస్ ఉన్నవారికే ఎక్కువ నష్టం. పారాసెటమాల్ అధిక మోతాదుతో అమెరికా ఆసుపత్రుల్లో చేరినవారి రికార్డులను విశ్లేషించి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, హెపటైటిస్ సి ఉన్నవారికి తీవ్ర కాలేయ గాయం కలిగే అవకాశం ఎక్కువని తేలింది. మితంగా వాడినంతకాలం గాదెలో ఉన్నది సరిపోతుంది. వరద వచ్చినప్పుడే లోటు బయటపడుతుంది.

మద్యం ఈ సమతూకాన్ని రెండు వైపులా చెడగొడుతుంది. రోజూ తాగేవారిలో సీవైపీ2ఈ1 పెరుగుతుంది, గ్లూటాథయోన్ తగ్గుతుంది. అంటే ఎలుకలు పెరిగి, ధాన్యం తరుగుతుంది. జబ్బుతో రోజుల తరబడి సరిగా తినకపోయినా గాదె నిండదు. క్షయకు వాడే ఐసోనియాజిడ్ కూడా ఇదే ఎంజైమ్ మీద ప్రభావం చూపుతుంది. కాబట్టి క్షయ మందులు వాడుతున్నవారు ఆ విషయం వైద్యుడికి చెప్పి తీరాలి.

'సురక్షితమైన' మాత్రల సంగతి

ఇప్పుడు షాపతను చేతిలో పెట్టిన మాత్ర దగ్గరకు వద్దాం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటివన్నీ ఒక కుటుంబం. స్టెరాయిడ్ కాని వాపు నివారక మందులని వీటికి పేరు. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపి ఇవి నొప్పిని, వాపును తగ్గిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

సిర్రోసిస్ ముదిరిన రోగిలో రక్తప్రసరణ తీరు మారిపోతుంది. మూత్రపిండాలకు అందాల్సిన రక్తం తగ్గుతుంది. ఆ స్థితిలో మూత్రపిండాల రక్తనాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర వాటిని ఆపేస్తే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోయి పొట్ట ఉబ్బు పెరుగుతుంది. నీరు తీయడానికి ఇచ్చే మందులు సరిగా పనిచేయవు.

రెండో ప్రమాదం రక్తస్రావం. సిర్రోసిస్ రోగుల్లో అన్నవాహికలోని సిరలు ఉబ్బి ఉంటాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి. ఈ మందులు కడుపు పొరను బలహీనపరచి, ప్లేట్‌లెట్ల పనితీరును కూడా తగ్గిస్తాయి. మూడూ కలిస్తే రక్తపు వాంతితో ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు.

ఈ మందుల జీవక్రియ కూడా మారుతుంది. రక్తంలో ఇవి 99 శాతానికి పైగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని తిరుగుతాయి. విడిగా ఉన్న ఆ కొద్ది భాగమే పనిచేస్తుంది. ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయమే కాబట్టి సిర్రోసిస్‌లో అది తగ్గుతుంది. అంటుకున్న భాగం 99 నుంచి 98 శాతానికి తగ్గిందనుకుంటే అది చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ విడి భాగం 1 నుంచి 2 శాతానికి, అంటే రెట్టింపుకు చేరినట్లు. దాన్ని తొలగించాల్సిన కాలేయం కూడా నెమ్మదించి ఉంటుంది.

సిర్రోసిస్ లేని హెపటైటిస్ బాధితులకు ఈ ప్రమాదాలు ఇంత తీవ్రంగా ఉండవు. వైద్యుడి సలహాతో కొద్ది రోజులు వాడే సందర్భాలుంటాయి. అయితే డైక్లోఫెనాక్ వంటివి అరుదుగా కాలేయాన్నే నేరుగా దెబ్బతీస్తాయి. హెపటైటిస్ సి ఉన్న కొందరిలో ఐబుప్రోఫెన్ వాడాక కాలేయ ఎంజైములు బాగా పెరిగిన ఉదంతాలు 1998లో నమోదయ్యాయి. తమకు సిర్రోసిస్ ఉందో లేదో తెలియకుండానే షాపులో కొనేసుకోవడమే అసలు చిక్కు.

వైరస్ మందుతో కలిస్తే

హెపటైటిస్ బికి, హెచ్ఐవీకి మన దేశంలో విస్తృతంగా వాడే మందు టెనోఫోవిర్. జాతీయ కార్యక్రమం కింద హెచ్ఐవీ బాధితులకు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్రను ఉచితంగా ఇస్తున్నారు. టెనోఫోవిర్ మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. దాని ఒక రూపమైన టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ కొందరిలో మూత్రపిండాలను ఇబ్బంది పెట్టగలదు. దానికి డైక్లోఫెనాక్ వంటివి ఎక్కువ మోతాదులో తోడైతే మూత్రపిండాలు హఠాత్తుగా విఫలమైన సందర్భాలున్నాయి. కాబట్టి కాలేయం బాగానే ఉన్నా, ఈ మందు వాడేవారు నొప్పి మాత్ర కొనేముందు ఆ సంగతి చెప్పాలి.

కోడీన్, ట్రమడాల్ వంటి బలమైన నొప్పి మందులది మరో కథ. వీటిని కాలేయంలోని సీవైపీ2డీ6 ఎంజైమ్ మార్చాకే నొప్పి సరిగా తగ్గుతుంది. కాలేయం దెబ్బతింటే ఆ మార్పు సరిగా జరగక నొప్పి తగ్గకపోవచ్చు. నొప్పి తగ్గలేదని ఇంకో మాత్ర వేసుకుంటే మందు పేరుకుపోయి మగత కమ్ముతుంది, మలబద్ధకం వస్తుంది. సిర్రోసిస్ రోగుల్లో ఈ రెండూ కలిసి మెదడు మందగించే స్థితికి, అయోమయానికి, స్పృహ తప్పడానికి దారితీయవచ్చు. వీటిని సొంతంగా వాడకూడదు.

మాత్రల లెక్క

రోజుకు 2 గ్రాములంటే 2000 మిల్లీగ్రాములు. 500 మిల్లీగ్రాముల మాత్రలైతే నాలుగు. 650 మిల్లీగ్రాములవైతే మూడు, మొత్తం 1950. నాలుగోది వేస్తే పరిమితి దాటినట్లే.

తెలియకుండా దాటించేవి కలగలుపు మాత్రలు. నడుం నొప్పికి ఇచ్చే ఎసిక్లోఫెనాక్ మాత్రలో తరచుగా 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా ఉంటుంది. జలుబు మాత్రల్లో చాలావాటిలో 500 వరకు ఉంటుంది. జ్వరానికి మూడు 650 మాత్రలు, జలుబుకు రెండు మాత్రలు, నడుం నొప్పికి రెండు మాత్రలు ఒకే రోజు వేసుకుంటే మొత్తం 1950, 1000, 650 కలిపి 3600 మిల్లీగ్రాములు అవుతుంది. ఆ మనిషి మాత్రం తాను మూడే పారాసెటమాల్ మాత్రలు వేసుకున్నానని అనుకుంటాడు. పేర్లు వేరైనా పట్టీ వెనుక చిన్న అక్షరాల్లో ఏముందో చదివితేనే అసలు లెక్క తెలుస్తుంది.

ఒకవేళ పొరపాటున ఎక్కువ వేసుకుంటే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. మొదటి రోజు ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు. విరుగుడు మందు 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముందు తెలుసుకోవలసింది

చివరికి ప్రశ్న ఏ మాత్ర మంచిదని కాదు, కాలేయం ఏ దశలో ఉందన్నది. ఎల్‌ఎఫ్‌టీ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం. సిర్రోసిస్ ఉన్నా ఆ ఫలితాలు దాదాపు మామూలుగా కనిపించే సందర్భాలున్నాయి. ఏఎస్‌టీ ఎంజైమ్, ప్లేట్‌లెట్ల సంఖ్య కలిపి వేసే ఏపీఆర్ఐ అనే చిన్న లెక్కతో కాలేయంలో మచ్చ ఎంత ఉండవచ్చో వైద్యులు అంచనా వేస్తారు. అవసరమైతే అల్ట్రాసౌండ్, కాలేయం గట్టిదనాన్ని కొలిచే స్కాన్ చేయిస్తారు.

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. దీని కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో హెపటైటిస్ బి, సిలకు పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి చాలామందిలో 12 వారాల మాత్రలతోనే నయమవుతుంది, విజయం 95 శాతానికి పైనే. హెపటైటిస్ బిని పూర్తిగా పోగొట్టలేకపోయినా అదుపులో ఉంచవచ్చు. పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకాతో పిల్లలకు అది రాకుండా కాపాడవచ్చు.

హెపటైటిస్ ఉందని తెలిసినవారు మందుల షాపులో చెప్పవలసిన మాట కూడా ఇప్పుడు మారాలి. "లివర్ సమస్య ఉంది, పారాసెటమాల్ వద్దు" అనడం కాకుండా ఇలా చెప్పాలి: "నాకు హెపటైటిస్ ఉంది, ఈ మందులు వాడుతున్నాను, రోజుకు ఎంత పారాసెటమాల్ వేసుకోవచ్చో డాక్టర్ చెప్పారు, అంతకు మించి వద్దు. డాక్టర్ రాయకుండా ఇతర నొప్పి మాత్రలు ఇవ్వకండి." ఈ రెండు వాక్యాలు చెప్పగలగాలంటే ముందు ఒకసారి పరీక్ష చేయించుకుని, డాక్టర్‌ను ఆ మోతాదు గురించి అడిగి ఉండాలి.